రెండుకి పది నిమిషాలు తక్కువ

ఇసక జల్లిస్తుంటే దొరికినాదని
తవిటమ్మ కొంగు ముడి విప్పి
నా బల్ల మీద పెట్టింది.
నాగావళి ఇసక, ఎవరి గోడ పూతకో తెచ్చింది.
గడియారం అనడానికి ముళ్ళున్నాయి, అంతే.
అద్దం లోపలికి దిగిన తడి
డయల్ మీది పేరుని నాకేసింది.
చివరి ఇంగ్లీషు అక్షరం తోక ఒక్కటి మిగిలింది,
బల్లి వదిలేసి పోయినట్టు.

"ఎవుల్దో సెప్పగలవా బావూ?"

డే అండ్ నైట్ జంక్షన్‌లో నా దుకాణం
అడ్డంగా మూడడుగులు.
అందులో సగం పాత వారపత్రికల అట్టలే,
చిత్తు కాగితాల కొట్లో కిలోల లెక్కన కొన్నవి.
కథలు నేను చదవను.
తలనూనెకీ గ్రైప్ వాటరుకీ మధ్య
గడియారం బొమ్మ కనిపిస్తే చింపుతాను.
కొమ్ముల మందం చూసి, కీ బుడిపె చూసి,
సెకన్ల ముల్లుకి విడిగా గది ఉందో లేదో చూసి
పేరు చెరిగిన గడియారాలకి పేరు పెడతాను.
పెట్టడం కాదు,
వాటి పేరు వాటికి వెతికిస్తాను.

దీనికి పదకొండు రోజులు పట్టింది.
దున్నపోతు కొమ్ముల్లాంటి కొమ్ములు,
అంకెల్లేవు, పన్నెండు గీతలు,
ఆరు దగ్గర చిన్న గది.
ఇలాంటిదే ఒకటుంది,
అరవై ఏడు దసరా సంచిక వెనకట్ట మీద.
కోటేసుకున్న పెద్దమనిషి మణికట్టు
ఆయన మొహం కన్నా పెద్దది.
నూట పద్దెనిమిది రూపాయలు, స్థానిక పన్నులు అదనం.
కానీ కీ ఎడమ పక్కనుంది.
ఎడమచేతి వాటం వాళ్ళ కోసమేమోనని
మూడుసార్లు పక్కన పడేశాను.

ప్రకటనల్లో ప్రతి గడియారానికీ పదీ పదే.
నా దగ్గరున్న నాలుగొందల పైచిలుకు బొమ్మల్లో
ఆ వేళ దాటిన కంపెనీ లేదు.
ఇదొక్కటే
రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.
అన్నం తింటుంటే తట్టింది.
ఎంగిలి చెయ్యి కడిగీ కడగక
పక్కనే పోలారావు సెలూన్లోకి పరిగెత్తాను.
ఎవరిదో గడ్డం సగంలో ఉంది.
"జరుగు బావా" అని
అట్టని అద్దానికి చూపించాను.

అక్షరాలన్నీ తిరగబడ్డాయి,
గడియారం మాత్రం కుదురుగా కూర్చుంది.
కీ కుడికొచ్చింది.
ముళ్ళు పదీ పదికొచ్చాయి.
దిమ్మ కూర్చినవాడు బొమ్మని తిరగేశాడు,
డయల్ మీద పేరు తర్వాత ఎవరో చేత్తో దిద్దారు.
అంకెలుంటే ఆ రోజే దొరికిపోయేవాడు.
నురుగు మొహంతో ఉన్నాయన
ఇదేం పిచ్చిరా అన్నట్టు చూశాడు.

అట్ట అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను:
గ్లోరీ, పదిహేడు రాళ్ళది. అద్దంలో చూడాలి.

మర్నాడు సిమెంటు చేతుల్తో వచ్చింది తవిటమ్మ.
నేను గొప్పగా చెప్పాను, కంపెనీ, మోడలు, ఏడాది.
ఓపిగ్గా వింది.
"అది గడేరం పేరు కదా బావూ.
పెట్టుకున్నోడి పేరేటి?"

వెనక మూత తిప్పాను.
రేకు లోపల సూదిమొన గీతలు,
బాగుచేసిన ప్రతివాడూ గీసి వదిలేవి.
భూతద్దం కంట్లో బిగించాను.
ద. 11-71.
మా దండాసి మేస్త్రిది, నాకు పని నేర్పిన చెయ్యి.
ఆయన ఎవరి పేరూ రాసేవాడు కాదు.
పేర్లు కలుస్తాయిరా, మనుషులు కలవరు అనేవాడు.
చెవిలో దూది. జీడిపిక్కల షావుకారు. అప్పు.
ఇలాంటి గుర్తులే రాసేవాడు.
దీని మీద, తేదీ కింద,
తుప్పుకి అటొక ముక్క ఇటొక ముక్కగా
ఒకటే మాట:
నత్తి.

అంతకు మించి లేదని చెప్పాను.
కొంటానని కూడా అన్నాను, మంచి ధరకే.
వినిపించుకోలేదు.
కొంగులో మళ్ళీ ముడేసుకుంటూ అంది:
"పాపం,
టైమెంతని ఎవులైనా అడిగితే
సెప్పడానికి ఎంతసేపు పట్టీదో."